ఆ వీడియోలో ఉన్నది మనోళ్ళ పిల్లోడే

నాకు గురజాల సెంటర్లో చిన్న సెల్లు షాపు ఉంది. రీచార్జీలు, టెంపర్డ్ గ్లాసులు, డిస్‌ప్లే మార్చటం, పెద్దోళ్ళకి వాట్సాప్ ఎక్కించి పెట్టటం, ఇదీ మన పని. రోజుకి పదిమందన్నా వచ్చి చెప్పే మాట ఒకటే. "అబ్బాయ్, ఫోను నిండిపోయిందంట, కాస్త ఖాళీ చేసిపెట్టు." వాట్సాప్ సెట్టింగుల్లోకి పోయి స్టోరేజీ తెరిస్తే పెద్ద పెద్ద వీడియోలన్నీ వరసన పైనే కనపడతయి. చూడకూడదు అనుకున్నా కనపడతయి. గుడ్ మార్నింగు బొమ్మలు, పెళ్ళి వీడియోలు, మిరపతోటకి ఏ మందు కొట్టాలో చెప్పే వీడియోలు. వాటి మధ్యలో శవాలు. రోడ్డు మీద పడ్డోళ్ళు, కాలవలోంచి తీసినోళ్ళు, పురుగుమందు డబ్బా పక్కన పెట్టుకుని ఫోను ముందు ఏడ్చినోళ్ళు, కత్తిదెబ్బలు తిన్నోళ్ళు. డెబ్బై ఏళ్ళ ముసలమ్మ ఫోన్లో కూడా అయ్యే ఉంటయి. ఆమె తెరిచి చూసిందో లేదో తెలవదు. ఎవరో పంపారు, వచ్చి కూచున్నయి.

అట్టాంటి వీడియో ఒకటి నేను తీసిందే.

రెండేళ్ళ కింద, చలికాలం. పిడుగురాళ్ళలో సరుకు తీసుకుని బండి మీద వస్తన్నా. అద్దంకి–నార్కెట్‌పల్లి రోడ్డు మీద సున్నం లారీ, దాని కింద బైకు. జనం మూగి ఉన్నారు. 108కి అప్పటికే ఎవరో ఫోన్ కొట్టారు. నేను బండి స్టాండేసి ఫోను తీశా. నలభై సెకన్ల వీడియో. అక్కడే నిలబడి మా గ్రూపులో పెట్టా. ఆ గ్రూపులో నాలుగొందల మంది పైన ఉంటారు, అడ్మిన్ని నేనే. వీడియో కింద "పిల్లోడు ఎవరో తెలిసినోళ్ళు వెంటనే ఇంట్లో చెప్పండి" అని కూడా రాశా. మంచి పనే చేశాననుకున్నా. నిజంగా అట్టాగే అనుకున్నా.

ఇంట్లో చెప్పింది మనుషులెవరూ కాదు, నా వీడియోనే. ఆ పిల్లోడి అక్క హైదరాబాదులో ఉద్యోగం చేస్తా ఉంది. ఆమె ఫ్రెండు ఒకతి "ఇది మీ ఊరి దగ్గరే కదా" అని ఊరకే పంపించింది. మొహం సరిగ్గా కనపడకపోయినా చొక్కా చూసి గుర్తుపట్టింది. దసరాకి తనే కొనిచ్చిన చొక్కా అంట. ఆమె ఇంటికి ఫోన్ చేస్తే అప్పటికి ఇంట్లో ఎవరికీ తెలవదు. వాళ్ళ ఊరు మా ఊరికి ఐదారు కిలోమీటర్లు. మా మేనత్త మెట్టినూరు అదే.

గంటన్నర తర్వాత నాకు తెలిసి "డిలీట్ ఫర్ ఎవ్రీవన్" కొట్టా. మా గ్రూపులో పోయింది. మా గ్రూపులోంచి వేరే గ్రూపులకి దాటింది పోదు. ఆ బటన్ ఎట్టా పనిచేసిద్దో చానామందికి తెలవదు కాబట్టి చెబుతన్నా. నువ్వు పెట్టినచోట మాత్రమే అది చెరిపిద్ది, అదీ రెండున్నర రోజుల లోపలైతేనే. మధ్యలో ఎవడన్నా ముందుకి పంపాడా, ఆ కాపీ ఇంక నీది కాదు. నీ చేతికి రాదు.

నా మీద కేసేం కాలా. ఎవరూ తిట్టలా. ఒకరిద్దరు "తొందరగా సమాచారం ఇచ్చావు అన్నా" అని మెచ్చుకున్నారు కూడా. వీడియోలో అబద్ధం ఒక్క ముక్క లేదు, ఎడిటింగ్ లేదు, పాత వీడియో కాదు. అబద్ధం పంపొద్దని పోలీసులు చెబుతారు, కాలేజీల్లో చెబుతారు, టీవీలో చెబుతారు. నిజమే పంపినా మనిషి ప్రాణం మీదకి వచ్చిద్దని మాత్రం మనకి ఎవరూ చెప్పలా. నేను ఈ రాసేది దాని గురించే.

మన పల్నాడోళ్ళకి ఇది మిగతావాళ్ళకన్నా బాగా తెలవాలి. 2024 మే 13న పోలింగ్ అయినకాడ నుంచీ ఏమైందో గుర్తుంది కదా. మాచర్ల, కారంపూడి, నరసరావుపేట గొడవలతో అట్టుడికినయ్. 144 సెక్షన్ పెట్టారు, షాపులు మూయించారు, సీసాల్లో పెట్రోలు పొయ్యొద్దన్నారు. ఎన్నికల సంఘం మన ఎస్పీని సస్పెండ్ చేసింది, కలెక్టర్ని మార్చింది. బజారు మూసేస్తే జనం చేతిలో మిగిలింది ఫోనొకటే. తెల్లార్లూ వాయిస్ మెసేజీలే. "ఫలానా ఊరి నుంచి ట్రాక్టర్లలో వస్తన్నారంట, జాగ్రత్త." ఎవరు వస్తన్నారు, ఎవరు చెప్పారు, ఎప్పుడు చెప్పారు, ఏమీ ఉండదు. మా వీధిలో మగాళ్ళు రెండు రాత్రులు కర్రలు పట్టుకుని కూచున్నారు. ఎవరూ రాలా. అవతలూరోళ్ళు కూడా ఇట్టాగే కర్రలు పట్టుకుని కూచున్నారని తర్వాత తెలిసింది. మేం వస్తన్నామని వాళ్ళకి వాయిస్ వచ్చిందంట.

ఆ గొడవల నడుమ మే 21న ఒక వీడియో బయటకొచ్చింది. రెంటచింతల మండలం పాల్వాయి గేటు, 202 నంబరు పోలింగ్ కేంద్రం. అప్పటి మాచర్ల ఎమ్మెల్యే పిన్నెల్లి రామకృష్ణారెడ్డి లోపలికొచ్చి ఈవీఎంని ఎత్తి నేలకేసి కొట్టటం అందులో ఉంది. నారా లోకేశ్ ఎక్స్‌లో పెట్టాడు, దేశమంతా తిరిగింది. మర్నాడే ఎన్నికల సంఘం కూడా వీడియోలో ఉన్నది ఎమ్మెల్యేనే అంది. మాచర్ల నియోజకవర్గంలో 7 పోలింగ్ కేంద్రాల్లో ఈవీఎంలు పగిలినయ్ అని లెక్క చెప్పింది. జూన్ 3న సుప్రీంకోర్టు ఆయన్ని కౌంటింగ్ కేంద్రం వైపు పోవద్దంది. జూన్ 26న అరెస్టు అయ్యాడు. వీడియో బయటకి ఎట్టా వచ్చిందని కూడా పెద్ద రగడే అయింది, మేం ఇవ్వలేదని ఎన్నికల అధికారులు చెప్పుకోవాల్సి వచ్చింది.

ఆ వీడియో పంపటం తప్పా? నన్నడిగితే తప్పు కాదు. పోలింగ్ అయింది 13న. ఎనిమిది రోజులు మన పక్క మండలంలో జరిగింది మనకే తెలవదు. ఆ వీడియో రాకపోతే ఇంకా తెలిసేది కాదేమో. అందులో ఉన్నది అధికారం ఉన్నోడు, జనం ఓట్లేసే చోట, పట్టపగలు, అందరి సొత్తు మీద చేసిన పని. దాన్ని చూసే హక్కు ఓటేసిన ప్రతి ముసలమ్మకీ ఉంది. పార్టీ ఏదైనా ఇదే మాట. రేపు ఇవతలి పార్టీ ఎమ్మెల్యే చేసినా ఇదే మాట.

కాకపోతే ఆ వీడియోలో ఇంకో మనిషి కూడా ఉన్నాడు. ఎమ్మెల్యే మీదకి పోయి అడ్డుకోబోయిన పోలింగ్ ఏజెంటు. సుప్రీంకోర్టు దాకా పోయింది కూడా ఆయనే. దేశానికి ఆయన హీరో. కానీ ఆయన ఉండేది దేశంలో కాదు, ఊళ్ళో. వీడియో వైరల్ అయినాక టీవీల వాళ్ళు హైదరాబాద్ పోతారు, మనం ఇంకో వీడియోకి పోతాం, ఆ మనిషి మాత్రం రాత్రిపూట అదే బజార్లో ఇంటికి నడిచిపోవాలి. ఇట్టాంటివి పంపేటప్పుడు బలమున్నోడి మొహం కనపడనిచ్చి, ఎదురు నిలబడ్డ బీదోడి మొహం మీద మచ్చ పెట్టటం పెద్ద పనేం కాదు. ఫోన్లోనే అయిద్ది, రెండు నిమిషాలు. ఆయన ఒప్పుకుంటే తియ్యొచ్చు. అడగాలి గదా ముందు.

రెండు నెలలు తిరక్కుండా ఇంకో వీడియో. 2024 జూలై 17 రాత్రి, వినుకొండలో నడిరోడ్డు మీద, జనం చూస్తా ఉండగా ఒక కుర్రాణ్ణి నరికేశారు. ఆ వీడియో ఎంత ఘోరమో చూసినోళ్ళకి తెలుసు, చూడనోళ్ళు అదృష్టవంతులు. తెల్లారేసరికి మా షాపుకొచ్చిన ప్రతి ఫోన్లో ఉంది. తొమ్మిదో తరగతి పిల్లోడి ఫోన్లో ఉంది. చనిపోయినతను మా పార్టీ అని వైసీపీ, చంపినోడు మీ పార్టీ అంటే మీ పార్టీ అని రెండు వైపులా ఫొటోలు. చంపినోడు ఫలానా నాయకుడితో దిగిన ఫొటో ఒకడు పెడితే, అదే మనిషి అవతలి నాయకుడితో దిగిన ఫొటో ఇంకొకడు పెట్టాడు. పోలీసులు మనుషుల మధ్య పాత కక్ష అన్నారు. రెండు పార్టీల సోషల్ మీడియావాళ్ళకి ఆ శవం ఒక పోస్టరు.

పాల్వాయి గేటు వీడియో నిజం. వినుకొండ వీడియో కూడా నిజం. రెంటికీ తేడా యాడుంది?

మొదటిదాంట్లో చూపించాల్సింది పెద్దోడు చేసిన పని, దాన్ని చూపిస్తే జవాబు చెప్పాల్సినోడు జవాబు చెబుతాడు. రెండోదాంట్లో కనపడేది చచ్చిపోతన్న మనిషి. ఆ మనిషికి అమ్మానాన్నా ఉంటారు. హత్య జరిగిందని జనానికి తెలవాలి, ఎవరు చేశారో తెలవాలి, పోలీసులు ఏం చేస్తన్నారో అడగాలి. వీటిలో దేనికీ నరికే ముక్క నీకూ నాకూ అక్కర్లేదు. అది పోలీసులకి కావాలి. నీ దగ్గర అట్టాంటి వీడియో ఉంటే, నువ్వే తీస్తే, స్టేషన్లో ఇవ్వు. లేదా కోర్టులో పనికొచ్చిద్దని నమ్మకమైన వకీలు దగ్గర పెట్టు. తీయటం తప్పని నేనట్లా. తీసిందాన్ని యాడికి పంపాలనేదే మాట.

అదీకాక ఇంకోటి. మనల్ని ఎప్పటి నుంచో కొట్టుకునేవాళ్ళ కిందే లెక్కేస్తారు. నాగమ్మ, బ్రహ్మనాయుడు, కోడిపందెం, కారంపూడి, అక్కడ మొదలుపెట్టి సినిమాల దాకా. హైదరాబాదులో రూము అడిగితే "పల్నాడా, బాంబులు తెచ్చారా" అని నవ్వుతారు. ఆ నవ్వుకి కావాల్సిన సరుకు మనమే మన చేత్తో, మన డేటాతో, ఫ్రీగా సప్లై చేస్తన్నాం. మిరపకాయలన్నా రేటు చూసుకుని అమ్ముతాం.

ఇప్పుడు వినుకొండ పక్కనబెట్టి, అసలు ఎవరూ చావని, ఎవరూ కొట్టుకోని వీడియో సంగతి చూద్దాం. 2024 మార్చి, ఎన్నికల ముందు, తెనాలి. ఒక ఆడమనిషి, ఇద్దరు పిల్లల తల్లి, ఇంటి పట్టా చేతికొచ్చిన సంతోషంలో యూట్యూబ్ ఛానల్ మైకు ముందు మాట్టాడింది. పథకాలు వచ్చినయ్ అని సంబరంగా చెప్పింది. ఆ ముక్క తిరిగింది. మెచ్చుకునేవాళ్ళు మెచ్చుకున్నారు, అవతలి పక్క వాళ్ళు ఎక్కిరించారు, బూతులు తిట్టారు. మార్చి 7న ఆమె రైలు కింద పడింది, 11న ఆసుపత్రిలో చనిపోయింది. ట్రోలింగ్ వల్లేనని ఇంట్లోవాళ్ళు, అప్పటి ప్రభుత్వం అన్నారు. కాదు, తేదీలు చూడండి అని అవతలి పార్టీ వాదించింది. చచ్చిపోయినాక కూడా ఆమె రెండు పార్టీల మధ్య హ్యాష్‌ట్యాగే.

నాకు అందులో ఎక్కువ బాధగా అనిపించేది మొదటి అడుగు. ఆమె ఏమన్నా సర్పంచా, నాయకురాలా? సంతోషంగా ఒక మాట అంది, అంతే. మైకు పెట్టినోడు తర్వాత ఏమైద్దో చెప్పాడా? "అమ్మా, ఇది లక్షలమంది చూస్తారు, తిట్టేవాళ్ళు కూడా ఉంటారు, పెట్టమంటావా" అని అడిగితే ఆమె ఏమనేదో. మన మండలాల్లో కూడా ఇప్పుడు మైకు పట్టుకున్న ప్రతోడూ ఛానలే. రైతుబజార్లో కూరగాయలమ్మే ముసలామెని రెచ్చగొట్టి మాట్టాడిస్తారు, నాయకుణ్ణి తిట్టిస్తారు, వ్యూస్ వాళ్ళు తీసుకుంటారు, సాయంత్రానికి ఆ ముసలామె ఇంటి ముందు బండ్లు ఆగితే మాత్రం వీళ్ళు ఉండరు. నీకు ఛానల్ ఉంటే, పేరు అడిగే ముందు ఈ సంగతి చెప్పాలయ్యా తమ్ముడూ. రేపు ఆమె వచ్చి తీసెయ్యమంటే తీసెయ్యాలి, వ్యూస్ ఎన్నున్నా సరే.

ఆడపిల్లల విషయం వచ్చేసరికి మనకి బుద్ధే ఉండదు. సాగర్ డ్యామ్ దగ్గరో, కోటప్పకొండ మెట్ల మీదో ఒక జంట కూచుంటే చాటుగా తీసి, మీద పాటేసి రీలు పెడతారు. మా షాపుకి వచ్చే ఒక డిగ్రీ పిల్ల ఇట్టాగే దొరికిపోయింది. పక్కన కూచున్నోడు సొంత బాబాయి కొడుకు. అది చెప్పుకునేలోపు ఇంట్లో ఫోను లాక్కున్నారు, నెలరోజులు కాలేజీ మాన్పించారు. తీసినోడు లైకులు లెక్కపెట్టుకున్నాడు. వాడికి ఆ పిల్ల పేరు కూడా తెలవదు.

ఇంకా ఘోరం, అత్యాచారం జరిగిన పిల్లల ఫొటోలు "న్యాయం కావాలి" అని పెట్టటం. 2019 నవంబరులో శంషాబాద్ దగ్గర వెటర్నరీ డాక్టరు సంగతి గుర్తుంది కదా. ఆమె పేరూ ఫొటో దేశమంతా తిరిగినాక పోలీసులు "దిశ అని పిలవండి" అని అడిగారు. అప్పటికే ఆలస్యమైంది. కొత్త చట్టం భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్ కింద ఆ పేరు బయటపెడితే రెండేళ్ళ దాకా జైలు. చిన్నపిల్లలైతే పోక్సో 23వ సెక్షన్. పేరొక్కటే కాదు, ఫొటో, ఇల్లు, బడి, వీధి, ఏది చెప్పినా తప్పే, ఆర్నెల్లకి తగ్గకుండా శిక్ష. కొవ్వొత్తి బొమ్మతో డీపీ పెట్టేవాడికి ఈ సంగతి తెలవదు. వాడి మనసు మంచిదే. నా మనసు కూడా ఆరోజు రోడ్డు మీద మంచిదే.

అబద్ధాల సంగతి అందరూ చెప్పేదే కాబట్టి నేను ఎక్కువ చెప్పను. 2018 మేలో పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్ళు వచ్చారని వాట్సాప్‌లో పుకారు లేచి, తెలుగు రాష్ట్రాలు రెంటిలో దారినపోయేవాళ్ళని కొట్టారు, కొందర్ని చంపారు. హైదరాబాద్ చాంద్రాయణగుట్టలో చనిపోయింది అడుక్కుని బతికే ఒక ట్రాన్స్‌జెండర్ మహిళ. అదే కాలంలో జోగులాంబ గద్వాల జిల్లా ఎస్పీ రమా రాజేశ్వరి ఒక పని చేసింది. 400 పైగా ఊళ్ళు, ఊరికో పోలీసుని పంపింది. డప్పు కొట్టించింది, జానపద పాటలు కట్టి పాడించింది, ఏదన్నా వీడియో వస్తే పంపకముందు ఆ కానిస్టేబుల్ని అడగండని చెప్పింది. ఆమె చూసే ఊళ్ళల్లో ఒక్కరు కూడా చావలా. వాట్సాప్ వాడు ఆ చావుల తర్వాతే మనదేశంలో ఒక్కసారికి ఐదుగురికే ఫార్వర్డ్ అని కట్టడి పెట్టాడు. 2020లో రెండు బాణాల గుర్తు ఉన్నవాటిని ఒక్కసారికి ఒక్కరికే పంపేటట్టు చేశాడు. ఆ రెండు బాణాలు చూసి మనోళ్ళు "చానామంది పంపారు, నిజమే అయ్యుంటది" అంటారు. ఆ గుర్తుకి అర్థం అది కాదు బాబూ. ఇది రాసినోడెవడో ఇంక ఎవరికీ తెలవదు అని.

ఆగి చూస్తే నిజం కూడా మారిద్ది. 2025 జూన్ 18న జగన్ సత్తెనపల్లి మండలం రెంటపాళ్ళకి వస్తా ఉంటే గుంటూరు దగ్గర ఏటుకూరు కాడ ఒక పెద్దాయన బండి కింద పడి చనిపోయాడు. ఆరోజు పోలీసులు వేరే బండి అన్నారు. నాలుగు రోజులకి వీడియోలు చూసి జగన్ కూచున్న బండేనన్నారు. ఆ వీడియోనే అనుమానం అని వైసీపీ వాళ్ళన్నారు, కోర్టుకి పోయారు. మొదటిరోజు పెట్టినోడు, నాలుగోరోజు పెట్టినోడు, ఇద్దరూ "పోలీసులే చెప్పారు" అనే పెట్టారు. మా గ్రూపులో ఆ నాలుగు రోజులు బావా బామ్మర్దులు ఇద్దరు మాటలు మానేశారు, ఇప్పటికీ లేవు.

ఇంక కేసుల సంగతి. ఇక్కడ పొలిటికల్‌గా నాకు కోపం ఉంది, దాచుకోను. రాసిచ్చేది విజయవాడలోనో హైదరాబాదులోనో ఏసీ రూములో కూచున్న టీము. కేసు పడేది మన ఊరి పిల్లోడి మీద. ముందటి ప్రభుత్వంలో, 2020లో ఎల్జీ పాలిమర్స్ గ్యాస్ లీకు మీద ఫేస్‌బుక్‌లో పోస్టు పెట్టినందుకు గుంటూరులో అరవై దాటిన పెద్దావిడకి సీఐడీ నోటీసు ఇచ్చింది. ఇప్పటి ప్రభుత్వంలో, 2024 నవంబరులో వరసబెట్టి కేసులు, అరెస్టులు. వాటిల్లో ఆడోళ్ళ మీద నీచమైన బూతులు రాసినోళ్ళు ఉన్నారు, వాళ్ళని నేను వెనకేసుకురాను. కానీ అసలు రాయించినోళ్ళు ఎంతమంది లోపలికి పోయారు?

"నేను రాయలా, ఫార్వర్డే చేశా" అనేది కోర్టులో నిలబడదు. తమిళనాడు నటుడు ఎస్వీ శేఖర్ ఇదే మాట చెప్పాడు. 2018లో ఆడ జర్నలిస్టుల మీద నీచంగా ఉన్న పోస్టు పంచుకున్నాడు. కంట్లో చుక్కలమందు వేసుకున్నా, చదవకుండా పంపా అన్నాడు. మద్రాసు హైకోర్టు ఒప్పుకోలా, వదిలిన బాణంతో పోల్చింది. 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు కూడా కేసు కొట్టెయ్యనంది. ఆయనకి పెద్ద వకీళ్ళు ఉన్నారు. మనకి ఎవరున్నారు? పండుమిరప కోతల టైములో స్టేషన్ చుట్టూ తిరగటానికి రోజు కూలీ పోయిద్ది.

అట్టాగని భయపడి నోరు మూసుకోమని కూడా అనను. ప్రభుత్వాన్ని తిట్టటం నేరం కాదు. 66ఏ సెక్షన్‌ని సుప్రీంకోర్టు 2015లోనే కొట్టేసింది. 2025 జూలైలో మన హైకోర్టు మేజిస్ట్రేట్లకి సర్క్యులర్ ఇచ్చింది, సోషల్ మీడియా కేసుల్లో ఎడాపెడా రిమాండుకి పంపొద్దు, సుప్రీంకోర్టు చెప్పిన పద్ధతులు చూడండని. గ్రూపులో ఎవడో పెట్టినదానికి అడ్మిన్ని దోషి చెయ్యకూడదని బొంబాయి, కేరళ హైకోర్టులు అన్నయ్. కాలవకి నీళ్ళు రాకపోతే ఫొటో పెట్టు. రేషన్ తూకం తగ్గితే వీడియో పెట్టు, తేదీ, ఊరు రాయి. ఆసుపత్రిలో డాక్టరు లేకపోతే ఖాళీ కుర్చీ తియ్యి, క్యూలో నిలబడ్డ బాలింత మొహం తియ్యకు.

మొన్న నేనిట్టా అంటే మా తమ్ముడి వరస పిల్లోడు ఒకడు ఎదురు తిరిగాడు. "అన్నా, పేపర్లు రెండూ పార్టీలయ్యే, ఛానళ్ళు పార్టీలయ్యే. మనం పెట్టకపోతే మన గోడు ఎవడు చూపిస్తాడు? రక్తం కనపడకపోతే ఎవడూ కదలడు." వాడి మాటలో నిజం ఉంది, కాదనలేను. రక్తం చూపించినందువల్లే కదిలిన కేసులు ఉన్నయి. నేను వాడికి చెప్పింది ఒకటే. ఆ రక్తం ఎవరిదో వాళ్ళింట్లో అడిగి చూపించు. వాళ్ళు "చూపించండి, లోకానికి తెలియాలి" అంటే నేనే షేర్ చేస్తా, ముందుండి చేస్తా. వాళ్ళు వద్దంటే నీ ఉద్యమం కోసం వాళ్ళ బిడ్డని వాడుకునే హక్కు నీకు లేదు. వాడు పూర్తిగా ఒప్పుకోలా. "ఆ టైములో ఎవడు అడుగుతాడన్నా" అన్నాడు. అదీ నిజమే. అడిగే టైము లేనప్పుడు ఆగే టైమన్నా ఉండాలి గదా అన్నా.

మా గ్రూపులో ఇప్పుడు యాక్సిడెంటు అయితే బండి నంబరు, స్థలం, ఏ ఆసుపత్రికి తీసుకుపోయారో, అంతవరకే పెడతారు. మనిషి బొమ్మ పెడితే తీసేస్తన్నా. మొదట్లో పాతిక ముప్ఫైమంది "గ్రూపులో మజా లేదు" అని వెళ్ళిపోయారు. వాళ్ళు వేరే గ్రూపు పెట్టుకున్నారు, అందులో అన్నీ వస్తయంట. నేను తప్పు పెట్టినప్పుడు, పెట్టాను కూడా, ఒకసారి మిరప రేటు తప్పు పెట్టా, డిలీట్ చేసి ఊరుకోకుండా "నిన్న నేను పెట్టింది తప్పు, సరైంది ఇదీ" అని అదే చోట రాశా. చెరిపేస్తే మొదటిది చూసినోడికి తప్పని తెలిసేదెట్టా?

పోయిన సంకురాత్రి ముందు ఒకాయన షాపుకొచ్చాడు. కొత్త ఫోను కొన్నాడు, పాత ఫోన్లోయ్ అందులోకి ఎక్కించమన్నాడు. "మావాడి వాయిస్ మెసేజీలు ఉన్నయి బాబూ, అయ్యి మాత్రం పోకూడదు" అన్నాడు. ఊరి పేరు అడిగితే చెప్పాడు. అప్పుడు తెలిసింది నాకు. వాయిస్‌లన్నీ జాగ్రత్తగా ఎక్కించా. "నాన్నా, పొలం కాడికి టిఫిన్ తెమ్మంటావా", ఇట్టాంటియ్యే అన్నీ. కిందకి పోతే వాళ్ళ బంధువుల గ్రూపులో నలభై సెకన్ల వీడియో ఉంది, పైన రెండు బాణాలు.

"బాబాయ్, ఇది తీసెయ్యమంటారా" అని అడిగా.

ఆయన చూడకుండానే మొహం తిప్పుకున్నాడు. "తియ్యయ్యా. మా ఇంట్లో ఆమె చూడకముందే తియ్యాలని అప్పట్నుంచీ అనుకుంటన్నా, ఎట్టా తియ్యాలో తెలవలా" అన్నాడు.

తీసేశా. కొత్త ఫోన్లో తీశా, పాత ఫోన్లో తీశా. డబ్బులిస్తే తీసుకోలా. ఎందుకని ఆయన రెండుసార్లు అడిగాడు. నేను చెప్పలా.